లేఖ్యకారుని యర్హతయు, నధికారకాలమును

తామ్రశాసనములను చదువునపుడు మనము మొదట రాజవంశానుక్రమమును, పిదప దాతృప్రతిగ్రహీతల నామములను, తరువాత గ్రామసీమలను శ్రద్ధతో పరిశీలింతుము. శాసనాంతమున నుండు ఒకటి రెండు పంక్తులను మాత్రము తఱచుగా దాటిపోవుదుము. రాజరాజనరేంద్రుడు క్రీ. శ. 1053 ప్రాంతమున నారాయణభట్టునకు దానమిచ్చిన నందంపూడి శాసనము తెలుగువారికి సుపరిచితము. దానిని మనము ముఖ్యముగా నన్నయభట్టు రచన యగుటచేత చదువుదుము. ఆ శాసనముననే లేఖకుడు గండాచార్యుడని కలదు. కావ్యకర్తను పేర్కొనుట కవికీర్తికొఱకు అనుకొందము. లేఖకుని పేర్కొనుట యెందులకు? ఈ యక్షరములకు పూచీవహించినవాడొకడు కలడని రాబోవు తరములకు తెలుపుటకేయని నా తలంపు.

వ్రాసిన మాటకు పూచీ వహించుటకు ఎవడు తగినవాడు? అతడెంతకాలము ఆ స్థానమున నుండవచ్చును? ఈ రెండు ప్రశ్నలును మన దేశమున వేయేండ్లకు పైగా నడచుచున్నవి. నేడు ఆ పూచీదారునకు నోటరీ యని పేరు. నిన్న మొన్నటి వఱకు గ్రామములలో కరణమనియు, తెలంగాణమున పట్వారీ యనియు పేరు. స్మృతులలో కాయస్థుడనియు, లేఖకుడనియు పేరు. వీరి పనులు సర్వవిధముల నొక్కటి కావు. అయినను, ఇద్దఱి నడుమ జరిగిన వ్యవహారమునకు మూడవవాని చేవ్రాలుచే ప్రామాణ్యము కలిగించుట అందఱి పనులలోను గలదు. కాన వారి యర్హతానియమములను, అధికారకాలమును ఒక వరుసలో నుంచి చూచుట అసంగతము కాదు.

పూర్వము జన్మమే యర్హతగా నుండెననియు, అది యన్యాయమనియు, పిమ్మట విద్యార్హతయు గడువును వచ్చి లోపమును తీర్చెననియు సామాన్యముగా చెప్పుదురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని చరిత్రను నిదానించి చూచిన, ప్రతి నియమమును ఒక భయమునకు విరుగుడుగా పుట్టినట్లును, ఆ విరుగుడే మఱియొక భయమునకు కారణమైనట్లును కనబడును.

మొదట ప్రాచీన గ్రంథములను చూతము. కౌటిల్యుని యర్థశాస్త్రమున శాసనాధికార ప్రకరణము కలదు. ఈ గ్రంథమును శామశాస్త్రిగారు మైసూరున 1909లో ప్రకటించిన పిమ్మట మన పండితులకు దాని పరిచయమేర్పడెను. రాజలేఖకుడు ఎట్టివాడు కావలెనో అందు చెప్పబడినది. అతనికి అమాత్యునకు వలసిన గుణములుండవలెను. సమయాచారములన్నియు తెలియవలెను. వాక్యమును వేగముగా కూర్చగలవాడును, అందమైన యక్షరము గలవాడును, వ్రాతను చక్కగా చదువగలవాడును కావలెను. ఇందు కులప్రసక్తి లేదు. ఏండ్ల గడువును లేదు. గుణమే యర్హత. అంతటితో నూరకొనక, పునరుక్తి, అపశబ్దము, పూర్వాపరవిరోధము మున్నగు లేఖదోషములనుగూడ కౌటిల్యుడు లెక్కించెను. తప్పువ్రాత రాజ్యమునకే చేటని యాతని యెఱుక.

విష్ణుస్మృతి సప్తమాధ్యాయమున లేఖ్యములు మూడు తెఱగులుగా విభజింపబడినవి: రాజసాక్షికము, ససాక్షికము, అసాక్షికము. రాజాధికరణమున, రాజుచే నియుక్తుడైన కాయస్థుడు వ్రాయగా, అధ్యక్షుడు తన చేతిగుఱుతు నుంచినది రాజసాక్షికము. ఎక్కడనైనను ఎవడైనను వ్రాయగా సాక్షులు స్వహస్తముతో గుఱుతుంచినది ససాక్షికము. కర్త తన చేతితో తానే వ్రాసికొన్నది అసాక్షికము. బలాత్కారముచే వ్రాయించినదియు, కపటముచే పుట్టినదియు ప్రమాణము కావని యా స్మృతియే చెప్పుచున్నది.

ఇందొక సూక్ష్మము గమనింపదగియున్నది. రాజనియుక్తుడైనంతమాత్రమున కాయస్థుని వ్రాత చాలలేదు. దానిపై అధ్యక్షుని చేయి పడవలెను. నియామకము ఒక రక్షణ. పైవాని పరిశీలనము రెండవ రక్షణ. యాజ్ఞవల్క్యుడును ఋణపత్రవిషయమున ఇట్టి జాగ్రత్తనే చెప్పెను. ఋణికుడు తన పేరును, తండ్రిపేరును స్వహస్తముతో వ్రాసి, పైని వ్రాసినది తనకు సమ్మతమని తెలుపవలెను. సాక్షులును తండ్రిపేళ్లతో సహా సంతకములు చేయవలెను. లేఖకుడు ఉభయుల ప్రార్థనచే తాను వ్రాసితినని చివర చెప్పవలెను. మన పాతదస్తావేజులలో చివర కనబడు వ్రాతకాని సంతకము ఈ సంప్రదాయమును తలపించుచున్నది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను గనుక, ఈ వ్యవహారపద్ధతి సంస్కృతము రానివారికి సయితము అందినదే.

ఆ యాజ్ఞవల్క్యుడే మఱియొక తావున, చోరులనుండియు, వంచకులనుండియు రాజు ప్రజలను కాపాడవలెనని చెప్పి, కాయస్థులనుండి విశేషముగా కాపాడవలెనని చేర్చెను. లేఖ్యమునకు ప్రాణము పోయువానినే చోరులకంటె నెక్కువగా శంకించుట విపరీతముగా తోచవచ్చును. కాని వ్రాయనేర్చినవాడు కొలదిమందిలో నొకడైన కాలమున, అతడు తప్పువ్రాసినచో దిద్దగలవారెవరు? సుమతిశతకమున కరణమునుగూర్చి వచ్చు హెచ్చరికలు బడిపిల్లలకు సయితము తెలిసినవే. ఆ మాటలకు మూలమీ భయమే. విశ్వాసమునకు పాత్రుడు, శంకకు పాత్రుడు ఒక్కడే యగుట లేఖ్యకారుని వృత్తిలోని విచిత్రము.

ఇక కరణమును గూర్చి విచారింతము. గ్రామలెక్కలు వ్రాయుట, భూమి యెవరి యనుభవములో నున్నదో తెలియుట, క్రయవిక్రయపత్రములు పుట్టినపుడు వ్రాతకానిగానో సాక్షిగానో నిలుచుట, ఇవి కరణమునకు వాడుకలో నుండిన పనులు. ఈ యుద్యోగము తండ్రినుండి కొడుకునకు వచ్చుట పూర్వాచారము. ఈస్టిండియా కంపెనీవారు చెన్నరాజధానిలో 1802వ సంవత్సరమున శాశ్వత పైసలా చేసినపుడు ఆ యాచారమును చట్టముగా మార్చిరి. 1802వ సంవత్సరపు 29వ రెగ్యులేషను కరణములనుగూర్చినదే.

ఆ రెగ్యులేషను ఉద్దేశమును పరికింపుడు. కోర్టులకు నమ్మదగిన సమాచారము కావలెను. సర్కారు పేష్కషు తగ్గకుండవలెను. రైతులకు జమీందారువలన అన్యాయము కలుగకుండవలెను. ఈ మూటికిని గ్రామలెక్క సరిగా నుండుట యవసరము. లెక్కవ్రాయువాడు జమీందారు చేతిలో కీలుబొమ్మ యైనచో నీ మూడును చెడును. అందుచేత కరణమును నియమించు పని జమీందారునకిచ్చిరి గాని, తొలగించు నధికారమును అతనికి విడువలేదు. కోర్టు తీర్పు లేనిదే కరణమును తీసివేయరాదు. ఖాళీ వచ్చినపుడు మునుపటి కరణము వారసునే నియమింపవలెను. వారసుడు అసమర్థుడని జిల్లా న్యాయాధిపతి యెదుట ఋజువైనపుడు మాత్రమే జమీందారు మఱియొకని నేరుకొనవచ్చును.

కావున వంశపారంపర్యము ఇచ్చట కేవలము కులాభిమానముచే నిలిపినది కాదు. అది కరణమునకు జమీందారునెదుట నిలుచుటకిచ్చిన బలము. తన యుద్యోగము ప్రభువు దయచే వచ్చినది కాదనియు, ఆయన కోపముచే పోవునది కాదనియు తెలిసినవాడే ప్రభువునకు ప్రతికూలమైన యంకెను ధైర్యముగా వ్రాయగలడు. చట్టము చేసినవారి తలంపు ఇది. ఫలము మాత్రము మిశ్రమముగా వచ్చెను. జమీందారునకు వెఱవని కరణము రైతునకును వెఱవనక్కఱ లేదు గదా.

ఈ స్థిరత్వమువలన వాఙ్మయచరిత్రకు కలిగిన మేలును మఱువరాదు. తరతరములుగా నొకే యింట నుండుటచే కవిలెలు నిలిచినవి. కల్నలు మెకంజీ కొఱకు కావలి వెంకట బొఱ్ఱయ్య మున్నగువారు గ్రామచరిత్రములను సేకరించినపుడు, పెక్కు కైఫీయతులకు ఆధారములైనవి కరణముల దండకవిలెలే. ఏటేట మాఱెడు ఉద్యోగి యెవడును తాతనాటి తాటాకులను దాచి యుండడు.

తరువాతి మార్పు 1894, 1895 సంవత్సరములలో వచ్చెను. 1894వ సంవత్సరపు చెన్నరాజధాని రెండవ చట్టము జమీగ్రామముల యుద్యోగములకును, 1895వ సంవత్సరపు మూడవ చట్టము ముఖ్యముగా రైత్వారీ గ్రామముల వంశపారంపర్యోద్యోగములకును ఏర్పడినవి. ఈ రెండవదానిలో రక్తసంబంధమునకు తోడు అర్హతయు చేరినది. వారసత్వము జ్యేష్ఠక్రమమున ఒక్కనికే సంక్రమించును. అయితే అతడు యుక్తవయస్కుడు కావలెను. దేహమున, బుద్ధియందు సమర్థుడు కావలెను. ప్రభుత్వము విధించిన విద్యాపరీక్ష నిచ్చియుండవలెను. ఉద్యోగమునకు తగనివానిగా చేయు నేరమునకు శిక్షపొందియుండరాదు. వారసుడు బాలుడైనచో అతని పేరు నమోదుచేసి, పని నడుపుటకు మఱియొకని కలెక్టరు నియమించును. యుక్తవయసు వచ్చిన మూడేండ్లలో నా వారసుడు అర్హత సంపాదింపనిచో హక్కు పోవును. జన్మము వాకిలి తెఱచును. పరీక్షలో నెగ్గినవాడే లోనికి పోవును. రెండు యుగముల నడుమ నిలిచిన నియమమిది.

స్వతంత్ర భారతరాజ్యాంగము వచ్చిన పిమ్మట ఈ వాకిలియే ప్రశ్నార్థకమయ్యెను. గుంటూరు మండలమున పెరవలి గ్రామమును విభజింపగా పెరవలిపాలెమను క్రొత్తగ్రామమేర్పడెను. దానికి గ్రామమునసబు నియామకమున, 1895 చట్టము ఆఱవ ప్రకరణమునుబట్టి, పూర్వోద్యోగుల కుటుంబములనుండియే యొకని నేరుకొనవలసియుండెను. గాజుల దశరథరామారావు వ్యాజ్యెమున సుప్రీముకోర్టువారు 1960 డిసెంబరులో తీర్పుచెప్పుచు, గ్రామోద్యోగము రాజ్యోద్యోగమే యనియు, వంశకారణముచేతనే యొకని గ్రహించి యొకని త్రోసివేయుట రాజ్యాంగపు 16వ యధికరణమునకు విరుద్ధమనియు నిర్ణయించిరి. వ్యాజ్యెము మునసబు పదవిని గూర్చినదైనను, ఆ న్యాయము కరణములకును వర్తించుచుండుట స్పష్టము. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సుచే గ్రామములలోని ఈ తాత్కాలిక వేళోద్యోగముల నన్నిటిని రద్దుచేసెను. పటేలు, పట్వారీ, మునసబు, కరణము అను పేళ్లు ఒక్కమాఱుగా పాతమాటలయ్యెను. 1985లో సుప్రీముకోర్టు ఆ రద్దును సమర్థించెను.

ఈలోపల వ్యవహారపత్రముల ప్రామాణ్యము గ్రామపు చావడినుండి మెల్లగా తరలిపోయెను. 1864వ సంవత్సరపు చట్టముతో రిజిస్ట్రేషను పద్ధతి దేశవ్యాప్తమయ్యెను. నేడు నడచుచున్నది 1908వ సంవత్సరపు చట్టము. ఇదిగాక వర్తకవ్యవహారములకై మఱియొక పూచీదారుడు విదేశమునుండి వచ్చెను. అతడే నోటరీ.

ఇంగ్లండులో నోటరీలను నియమించు నధికారము పూర్వము పోపుది. ఎనిమిదవ హెన్రీ కాలమున, 1533వ సంవత్సరపు శాసనముచే, అది కాంటర్బరీ ఆర్చిబిషప్పునకు సంక్రమించెను. ఆయన పక్షమున మాస్టర్ ఆఫ్ ది ఫ్యాకల్టీస్ అను నధికారి నియామకము చేయుచుండెను. 1801వ సంవత్సరపు చట్టము ఏడేండ్ల శిష్యవృత్తిని యర్హతగా విధించెను. 1843లో అది యైదేండ్లకు తగ్గెను. ఈ మతాధికారి న్యాయస్థానమునుండియే భారతదేశపు నోటరీలకును అధికారపత్రములు వచ్చుచుండెను. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము మాత్రము, హుండీలు, ప్రామిసరీనోటులు చెల్లనపుడు ఆ సంగతిని నమోదుచేసి ధ్రువపఱచుట కొఱకు, ఒకని పేరుతోనో పదవినిబట్టియో నోటరీగా నియమించు నధికారమును ఇచ్చటి ప్రభుత్వమునకిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన పత్రములకు పూచీదారులను పరదేశపు మతాధికారి నియమించుట యుచితము కాదని యెంచి, 1952లో నోటరీల చట్టము చేసిరి. అది 1956 ఫిబ్రవరి 14వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరముననే నియమావళియు వెలువడెను.

ఈ నియమావళిలో జన్మప్రసక్తి లేదు. కనీసము పదియేండ్లు న్యాయవాదవృత్తి చేసినవాడు, లేదా న్యాయాధికారిగానో, న్యాయపరిజ్ఞానము వలయు ప్రభుత్వపదవిలోనో అంతకాలము పనిచేసినవాడు అర్హుడు. తరువాతి సవరణలచే స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికిని వృత్తికాలము ఏడేండ్లుగా నిర్ణయింపబడినది. నియమావళి పుట్టిననాటి పద్ధతిలో అర్హత వృత్తికాలముతో ముగియలేదు. దరఖాస్తుపై ఒక మేజిస్ట్రేటు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక వర్తకుడు, ఆ ప్రాంతపు పెద్దమనుష్యులిద్దఱు సంతకములు చేయవలసియుండెను. పరీక్షవలన తెలియునది విద్య. ఊరిలో నున్నవారి నోటివలన తెలియునది శీలము. తండ్రిపేరు చెప్పిన చాలు శీలము తెలిసినట్లే యని పూర్వులు నమ్మిరి; ఆ స్థానమున పెద్దమనుష్యుల చేవ్రాలు వచ్చినది.

అధికారకాలవిషయమున మార్పు ఇంకను గొప్పది. 1952 చట్టము ఐదవ ప్రకరణము ప్రకారము వృత్తిపత్రము మూడేండ్లు చెల్లుచుండెను; 1999లో నది యైదేండ్లకు పెరిగెను. గడువు తీరిన పిమ్మట మఱల పొడిగింపు పొందవలెను. దివాలా తీసినను, వృత్తిలో దుష్ప్రవర్తనము ఋజువైనను, నీతిబాహ్యమైన నేరమునకు శిక్షపడినను, పదవ ప్రకరణమున పేరు పట్టికనుండి తొలగింపబడును.

ఇందుకు విరుద్ధమైన పద్ధతి ఫ్రాన్సులో కలదు. 1954వ సంవత్సరము వఱకు యానాము ఫ్రెంచిపాలనలో నుండుటచే ఆ దేశపు పేరు తెలుగువారికి పరాయిది కాదు. అచ్చటి 1803 మార్చి 16వ తేదీ శాసనము నోటరీలను యావజ్జీవముగా నియమించెను. ఇరువదియైదేండ్ల వయసును, సామాన్యముగా ఆఱేండ్ల శిక్షణమును యర్హతలుగా విధించెను. ప్రభుత్వములు మాఱినను నోటరీ మాఱకుండుటయే ప్రజావిశ్వాసమునకు మూలమని వారి యభిప్రాయము. రెండు వందల యేండ్లు నడచిన పిమ్మట, 2015లో, వారును డెబ్బదియేండ్ల వయఃపరిమితి విధించిరి. మన దేశమున 2021లో కేంద్రప్రభుత్వము ఒక ముసాయిదా ప్రకటించి, నోటరీ యధికారకాలము పొడిగింపులతో కూడ పదునైదేండ్లు మీఱరాదని ప్రతిపాదించెను. క్రొత్తవారికి చోటు కావలెనన్నది యందలి ముఖ్యోద్దేశము.

ఇప్పుడు ఈ వరుసను తులనాత్మకముగా చూతము. కరణమును తొలగింపరానివానిగా చేసినవారు ప్రభువుకోపమునకు భయపడిరి. నోటరీకి గడువు పెట్టినవారు అధికారి నిర్భీతికి భయపడిరి. రెండు భయములును యథార్థములే. స్థిరమైన పదవి నిజము చెప్పుటకు ధైర్యమిచ్చును. అబద్ధము వ్రాయుటకును ధైర్యమిచ్చును. గడువుగల పదవి జాగ్రత్త నేర్పును. పొడిగింపు దినము దగ్గఱపడగా వినయమునుగూడ నేర్పును. కాన అధికారకాలమును పెంచుటవలననో తగ్గించుటవలననో మాత్రమే లేఖ్యమునకు ప్రామాణ్యము కుదురునని తలచుట పొరపాటని నా యభిప్రాయము.

మఱి కుదిర్చినదేది? విష్ణుస్మృతిలో కాయస్థుని వ్రాతపై పడిన అధ్యక్షుని చేతిగుఱుతు ఇందులకు సమాధానము. నేటి నియమావళిలోను దానికి ప్రతిరూపము కలదు. నోటరీ తాను చేసిన ప్రతి పనిని వరుససంఖ్యతో నొక పుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకమును వాడుటకు ముందే దానిలో పుటలెన్నియో మొదటిపుటపై ధ్రువపఱపవలెను. ప్రతి జనవరి మొదటివారమున గడచిన యేటి లెక్కను ప్రభుత్వమునకు పంపవలెను. పుట చించినచో తెలియును. నడుమ చేర్చినచో తెలియును. గుణవంతుని నేరుకొనుట అర్హతానియమము చేయగల పని. గుణము చెడినపుడు పట్టియిచ్చునది మాత్రము తెఱచియున్న పుస్తకమే.

ఈ చర్చ పండితవినోదమునకు మాత్రమే కాదు. నోటరీ ముద్రపడిన కాగితమే భూమికి హక్కుపత్రమని నమ్మి స్థలములు కొన్నవారు మన పట్టణములలో నెందఱో కలరు. నోటరీ ధ్రువపఱచునది సంతకము. నూఱురూపాయలకు మించిన స్థిరాస్తి విక్రయమునకు రిజిస్ట్రేషను తప్పదు. ఈ భేద మెఱుగక చిక్కులో పడినవారికై తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రత్యేకముగా ఉత్తర్వు చేయవలసివచ్చెను. ఒకప్పుడు కరణము చేవ్రాలుండిన చాలునన్న విశ్వాసమే, పాత్రుడు మాఱినను, ముద్రనంటి నిలిచినది. పాఠశాలలలో ఉత్తరలేఖనము నేర్పు ఉపాధ్యాయులు దస్తావేజు లక్షణమునుగూడ ఒక పూట బోధించినచో, సాక్షి యేమి చెప్పుచున్నాడు, వ్రాతకాడేమి చెప్పుచున్నాడు, ముద్ర యేమి చెప్పుట లేదు అను వివేకము బాలురకు కలుగును.

పరిశోధకులకును నొక విన్నపము. పూర్వపు కరణముల యిండ్లలో కవిలెకట్టలు, దస్తావేజులు మిగిలియుండినచో, అవి చెదలపాలు కాకమునుపే చూడుడు. చూచునపుడు విక్రేతపేరును, వెలయును వ్రాసికొని విడువక, చివరపంక్తినిగూడ వ్రాసికొనుడు. ఉభయుల ప్రార్థనచే వ్రాసితినని చెప్పి తన పేరును, తండ్రిపేరును ఉంచిన యా లేఖకుడు గండాచార్యునివలెనే తన యక్షరమునకు తానే పూచీపడినవాడు.